కిరాణా బిల్లుతో కాశీయాత్ర!

కూరగాయలు కొన్నాక గుప్పెడు కొత్తిమీర కొసరు వేయించుకోనిదే సంచి ఎత్తని ఇల్లాళ్లెందరో! అదే ఇంట్లో నెలనెలా వేల రూపాయల బిల్లులు కట్టేటప్పుడు మాత్రం కొసరు సంగతి ఎవరికీ గుర్తురాదు. క్రెడిట్‌కార్డు ఇచ్చే ఆ కొసరు పేరే రివార్డు పాయింట్లు. పద్ధతిగా పోగేస్తే అవి రైలు టికెట్లవుతాయి. పద్ధతి తప్పితే... అసలుకే ఎసరు పెడతాయి.

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. టీవీలో కాశీ గంగాహారతి చూపిస్తున్నారు. ‘ఒక్కసారి చూసొస్తే చాలురా’ అంటుంది నానమ్మ. ‘ఈ దసరాకి చూద్దాంలే అమ్మా’ అంటాడు కొడుకు. నిరుడూ అదే మాట, అంతకు ముందేడూ అదే మాట. చేతిలో బొత్తిగా డబ్బు లేక కాదు. పిల్లల స్కూలు ఫీజు, బీమా ప్రీమియం, పండగ బట్టలు... అన్నీ అయ్యాక మిగిలితేనే ప్రయాణం. మిగలదు కాబట్టి ప్రయాణమూ ఉండదు.

చాలా మధ్యతరగతి ఇళ్లలో ఇదే కథ. మరి ఎలాగూ కట్టక తప్పని ఆ బిల్లులే ప్రయాణం ఖర్చులో కొంత సంపాదించిపెడితే? స్వామికార్యం, స్వకార్యం రెండూ అయినట్లే. పాయింట్లతో ఊళ్లు చూసొచ్చామని చెప్పేవాళ్లు అపార్టుమెంటుకొకరైనా కనిపిస్తున్నారిప్పుడు. అదేమీ మాయ కాదు, మంత్రం కాదు. కాస్త లెక్క, బోలెడంత క్రమశిక్షణ!

ఊరికే ఇస్తారా?

బ్యాంకు ఊరికే ఏదీ ఇవ్వదు. మరి ఈ పాయింట్లు ఎక్కడివి? మనం సూపర్‌బజారులో వెయ్యి రూపాయల సరకులు కొని కార్డు గీకామనుకోండి. దుకాణదారుకి వెయ్యి రూపాయలూ చేరవు. సుమారు రెండు శాతం దాకా బ్యాంకులూ కార్డు నెట్‌వర్కూ రుసుముగా పట్టుకుంటాయి. అందులో పెద్దవాటా కార్డు ఇచ్చిన బ్యాంకుది. ఆ వాటాలోంచి కొంత మనకి పాయింట్లుగా తిరిగొస్తుంది.

బ్యాంకుకి మరో ఆదాయమూ ఉంది. గడువులోగా పూర్తి బిల్లు కట్టనివాళ్లు చెల్లించే వడ్డీ. చెప్పుకోడానికి కాస్త చేదుగా ఉన్నా నిజం ఇదీ: బాకీ పడ్డవాళ్లు కట్టే వడ్డీ కూడా పాయింట్ల పందేరానికి దన్నుగా నిలుస్తుంది. కాబట్టి ఈ ఆటలో మనం ఏ పక్కన ఉన్నామన్నదే అసలు ప్రశ్న.

ప్రయాణానికీ పాయింట్లకీ ముడి గట్టిపడింది 1981లో. ఆ ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ తరచూ విమానమెక్కేవాళ్ల కోసం ‘అడ్వాంటేజ్’ పథకం తెచ్చింది. తిరిగిన మైళ్లన్నీ లెక్కగట్టి ఉచిత టికెట్లిచ్చింది. తర్వాత విమానమెక్కకుండా కార్డుతో కొన్నా మైళ్లిచ్చే పద్ధతి వచ్చింది. విశేషమేంటంటే మన దగ్గర ఆంధ్రా బ్యాంకు క్రెడిట్‌కార్డు తెచ్చిందీ 1981లోనే! భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో పెట్టిన ఆ బ్యాంకు, దేశంలో క్రెడిట్‌కార్డులిచ్చిన తొలి బ్యాంకుల్లో ఒకటి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

ఓ ఇంటి లెక్క

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండే ఓ కుటుంబాన్ని ఊహించుకుందాం. అమ్మానాన్నా, ఇద్దరు పిల్లలూ, తాతయ్యా నానమ్మా. నెలకి కిరాణా, పాలు, కూరగాయలు 14,000 రూపాయలు. మందులు 3,000. ఫోన్లు, ఇంటర్నెట్ 2,000. బట్టలూ, ఆన్‌లైన్ కొనుగోళ్లూ కలిపి 6,000. కరెంటు, గ్యాస్ 3,500. స్కూలు ఫీజులు నెలసరిన 8,500. బీమా ప్రీమియం నెలసరిన 3,000. మొత్తం 40,000. అంటే ఏడాదికి 4,80,000 రూపాయలు.

‘అబ్బో... అయిదు లక్షలకి దగ్గర దగ్గర పాయింట్లు!’ అనుకుంటే పొరపాటే. అన్ని బిల్లులకీ పాయింట్లు రావు. చాలా కార్డులు కరెంటు బిల్లుకీ, బీమాకీ, స్కూలు ఫీజుకీ పాయింట్లు తగ్గిస్తాయి లేదా అసలివ్వవు. ఆ 15,000 పక్కన పెడితే మిగిలింది 25,000. ఏడాదికి మూడు లక్షలు. మన లెక్క మొదలయ్యేది ఇక్కడినుంచే.

ఇప్పుడు చూడాల్సింది పాయింట్ల సంఖ్య కాదు, పాయింటు విలువ. వంద రూపాయలకి ఒక పాయింటు ఇచ్చి ఆ పాయింటుకి పావలా విలువ కట్టే కార్డులున్నాయి. అంటే పావు శాతం. మూడు లక్షలు ఖర్చుపెడితే చేతికొచ్చేది 750 రూపాయలు! పాయింటుకి రూపాయి ఇచ్చే కార్డయితే ఒక శాతం, 3,000 రూపాయలు. రెండు శాతం దాకా వచ్చే కార్డయితే 6,000.

నానమ్మ, తాతయ్యల కాశీ ప్రయాణానికి థర్డ్ ఏసీ టికెట్ ఒక్కొక్కటీ సుమారు 2,000 అనుకుందాం. రానూపోనూ ఇద్దరికీ నాలుగు టికెట్లు, 8,000 రూపాయలు. రెండు శాతం కార్డుతో పదహారు నెలల్లో ఆ సొమ్ము పోగవుతుంది. ఒక శాతం కార్డుతో రెండేళ్ల ఎనిమిది నెలలు. పావు శాతం కార్డుతోనా? పదేళ్లు దాటుతుంది! ఈలోగా పాయింట్లకే కాలం చెల్లుతుంది. ఎందుకంటే చాలా కార్డుల్లో వాటి ఆయుష్షు రెండు మూడేళ్లే.

ఇదే ఇల్లు, ఇవే బిల్లులు. కార్డు ఎంపికతోనే ఇంత తేడా. అందుకే కార్డు అమ్మే కుర్రాడు ‘పది వేల పాయింట్లు సార్’ అన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘రూపాయల్లో ఎంత బాబూ?’

ఏది వస్తుంది... ఏది రాదు!

పెట్రోలు బంకులో కార్డు గీకితే చాలావరకు పాయింట్లు రావు. పడే సర్‌ఛార్జిలో ఒక శాతం మాఫీ చేయడమే అక్కడి లాభం. వాలెట్‌లో డబ్బు నింపుకున్నా రావు. ఇంటి అద్దె కార్డుతో కట్టి పాయింట్లు దండుకున్న రోజులూ పోయాయి. 2022 నుంచి బ్యాంకులు దానిమీద ఒక శాతం రుసుము వేయడం మొదలుపెట్టాయి. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు చెల్లింపు సంస్థల నిబంధనలు బిగించాక చాలా యాప్‌లు అద్దె చెల్లింపునే ఆపేశాయి. 2024లో కొన్ని పెద్ద బ్యాంకులు నెలకి 50,000 రూపాయలు దాటిన కరెంటు, నీటి బిల్లులమీదా ఒక శాతం రుసుము తెచ్చాయి. మామూలు ఇంటికి అంత బిల్లు రాదనుకోండి.

ఇంకో మెలిక సౌకర్య రుసుము. స్కూలు ఫీజు లక్ష రూపాయలు కార్డుతో కడితే ఒక శాతం పాయింట్లొచ్చాయి, అదే కార్డుకి స్కూలు వెబ్‌సైటు ఒకటిన్నర శాతం అదనంగా తీసుకుంది. వెయ్యి వచ్చి పదిహేను వందలు పోయాయి! అలాంటి చోట యూపీఐతోనో, బ్యాంకు ఖాతా నుంచో కట్టేయడమే మేలు.

మరి వీధి చివరి కిరాణా కొట్టు సంగతి? అక్కడ కార్డు యంత్రం ఉండకపోవచ్చు, క్యూఆర్ కోడ్ మాత్రం ఉంటుంది. 2022 నుంచి రూపే క్రెడిట్‌కార్డుని యూపీఐకి జతచేసుకునే వీలొచ్చింది. దుకాణాల్లో స్కాన్ చేస్తే డబ్బు కార్డునుంచే వెళ్తుంది. బంధువులకీ స్నేహితులకీ పంపడం మాత్రం కుదరదు. పైగా యూపీఐ చెల్లింపులకి చాలా బ్యాంకులు పాయింట్లు తగ్గించి ఇస్తున్నాయి. కార్డు తీసుకునే ముందే ఆ సంగతి తేల్చుకోవాలి.

అప్పు చేసి పప్పుకూడు!

ఇప్పటిదాకా చెప్పుకున్నది కొసరు కథ. ఇక అసలు కథ. పై ఇంట్లోనే ఓ నెల ఖర్చు ముంచుకొచ్చింది. బిల్లు 40,000 వస్తే, ‘కనీస మొత్తం’ అని అచ్చేసి ఉన్న 2,000 మాత్రమే కట్టారు. మిగిలిన 38,000 మీద నెలకి మూడున్నర శాతం చొప్పున 1,330 రూపాయల వడ్డీ. ఆ వడ్డీమీద 18 శాతం జీఎస్టీ 239 రూపాయలు. మొత్తం 1,569. ఒక శాతం కార్డుతో ఆ ఇల్లు నెలకి సంపాదిస్తున్న కొసరు 250 రూపాయలే! అంటే ఆరు నెలలకి పైగా పోగేసిన పాయింట్లు ఒక్క నెలలో ఆవిరి.

ఇదీ తక్కువలో తక్కువ లెక్కే. పూర్తి బిల్లు కట్టకపోతే కొత్తగా కొన్న వాటికీ వడ్డీలేని గడువు పోతుంది. మర్నాడు కొన్న పాలప్యాకెట్టుకీ ఆరోజు నుంచే వడ్డీ! కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే గడువే ఉండదు. రుసుముతోపాటు తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది.

నెలకి మూడున్నర శాతమంటే ఏడాదికి 42 శాతం. క్రెడిట్‌కార్డు వడ్డీ 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. ఆ తీర్పుని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. కాబట్టి వడ్డీకి ఎవరో కళ్లెం వేస్తారని కూర్చోడానికి లేదు. కళ్లెం మన చేతిలోనే ఉండాలి.

మరో ప్రమాదం కంటికి కనిపించనిది. అమెరికాలోని ఎంఐటీకి చెందిన ద్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ఓ పరిశోధన ప్రచురించారు. బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లని విద్యార్థుల ముందు వేలానికి పెట్టారు. కొందర్ని నగదు ఇవ్వాలన్నారు, కొందర్ని కార్డుతో కట్టొచ్చన్నారు. కార్డు వాళ్లు నగదు వాళ్లకంటే రెట్టింపు దాకా పాడారు! జేబులోంచి నోటు తీసి ఇచ్చేటప్పుడు కలిగే చిన్న నొప్పి కార్డుకి ఉండదు. వెయ్యి రూపాయల పాయింట్ల కోసం పది వేలు ఎక్కువ ఖర్చుచేస్తే... అది పొదుపు కాదు, పప్పుకూడు!

అన్నయ్య చెప్పిన చిట్కా

‘కొత్త కార్డు తీసుకుంటే చాలు, ఆ బోనస్ పాయింట్లతోనే ఇండియా టికెట్లొచ్చాయి’ అని అమెరికాలో ఉన్న అన్నయ్యో బావగారో చెప్పడం చాలా ఇళ్లలో వినిపించే మాటే. అక్కడ అది నిజమే. కార్డు తీసుకుని మొదటి మూడు నెలల్లో కొన్ని వేల డాలర్లు ఖర్చుచేస్తే పెద్దమొత్తంలో పాయింట్లిచ్చే బ్యాంకులు అక్కడ చాలా ఉన్నాయి. సెలవులకి పిల్లలతో హైదరాబాద్ వచ్చే తెలుగు కుటుంబాలకి అవి బాగానే అక్కరకొస్తాయి.

ఆ చిట్కాని ఇక్కడ అలాగే దించితే కుదరదు. మన దగ్గర చేరిక బహుమతులు సాధారణంగా చిన్నవి. చాలాసార్లు వార్షిక రుసుముకి సరిపెట్టేవే. వెంటవెంటనే నాలుగు కార్డులకి దరఖాస్తు చేస్తే క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. రేపు ఇంటిరుణానికి వెళ్లినప్పుడు ఆ తేడా వడ్డీ రూపంలో కనిపిస్తుంది. పరిమితిలో 30 శాతానికి మించి తరచూ వాడటమూ స్కోరుకి మంచిది కాదంటారు నిపుణులు.

రైలా... విమానమా?

కుటుంబ ప్రయాణానికి తేలికైన దారి రైలే. ఐఆర్‌సీటీసీతో కలిసి ఎస్‌బీఐ, హెచ్‌డీఎఫ్‌సీ, బ్యాంక్ ఆఫ్ బరోడా లాంటివి కార్డులిస్తున్నాయి. వాటి పాయింట్లని టికెట్లుగా మార్చుకోవచ్చు. ఏటా తిరుపతికో విశాఖకో రైల్లో వెళ్లే ఇంటికి ఇలాంటివి నప్పుతాయి. రైలు టికెట్లు 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. కాబట్టి పండగ ప్రయాణానికి రెండు నెలల ముందే పాయింట్లు చేతిలో ఉండాలి.

విమానమైతే విలువ ఎక్కువ రావొచ్చు, చిక్కులూ ఎక్కువే. పాయింట్లని విమానసంస్థ మైళ్లుగా మార్చాక వెనక్కి తెచ్చుకోలేం. ఆ మైళ్లకి దొరికే సీట్లు కొన్నే. అదీ వేసవి సెలవుల్లో మరీ కష్టం. ‘ఉచిత’ టికెట్‌కీ పన్నులు కట్టాల్సిందే. అన్నిటికీ మించి మన పాయింట్ల జాతకం ఆ సంస్థ జాతకంతో ముడిపడి ఉంటుంది. జెట్ ఎయిర్‌వేస్ విమానాలు 2019 ఏప్రిల్‌లో నేలకి దిగిపోయాయి. విస్తారా 2024 నవంబరు 12న ఎయిరిండియాలో కలిసిపోయింది. వాటి పేరుతో కార్డులు తీసుకున్నవాళ్లు లెక్కలన్నీ మళ్లీ మొదటినుంచీ వేసుకోవాల్సివచ్చింది. పాయింట్లేమీ బంగారం కాదు, బీరువాలో దాచడానికి. సరిపడా పోగవగానే వాడేయడమే తెలివి.

ఇక విమానాశ్రయం లాంజ్‌లో ఉచిత భోజనం. ఒకప్పుడు కార్డు చూపిస్తే చాలు. ఇప్పుడు చాలా బ్యాంకులు అంతకుముందు మూడు నెలల్లో ఇంత ఖర్చుపెట్టి ఉండాలని షరతు పెడుతున్నాయి. ఆ ఇడ్లీ, వడ కోసం అదనంగా వేలు ఖర్చుచేస్తే అవి ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఇడ్లీలవుతాయి!

పాయింట్ల పేరుతో వల

‘మీ 8,450 పాయింట్లు ఈ రాత్రితో రద్దవుతాయి. వెంటనే ఈ లింకు నొక్కండి’ అంటూ సెల్‌ఫోన్‌కి సందేశం వస్తుంది. నొక్కితే బ్యాంకు పేరుతో ఓ నకిలీ పేజీయో, ఫోన్లోకి దూరే యాప్‌యో. కార్డు నంబరు, ఓటీపీ ఇచ్చామంటే పాయింట్లు కాదు, ఖాతాకే చిల్లు. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి. పాయింట్లు చూసుకోవాలంటే బ్యాంకు సొంత యాప్‌లోనే చూసుకోవాలి. పొరపాటున మోసపోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

వినియోగదారుకి రక్షణలూ ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 2022 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనల ప్రకారం అడక్కుండా కార్డు అంటగట్టకూడదు. కార్డు రద్దుచేయమని కోరితే, బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాల్లో రద్దుచేయాలి. లేకపోతే ఆలస్యమైన ప్రతిరోజుకీ 500 రూపాయలు బ్యాంకే చెల్లించాలి. గడువు దాటి మూడు రోజులకు మించితేనే ఆలస్య రుసుము వేయాలి. బ్యాంకుకి ఫిర్యాదు చేసినా 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ని ఆశ్రయించవచ్చు.

ఇవి గుర్తుంచుకోండి!

• కార్డుతో ఖర్చుపెట్టిన సొమ్ము అప్పటికే బ్యాంకు ఖాతాలో ఉండాలి. లేకపోతే కొనొద్దు.

• పూర్తి బిల్లు గడువుకి ముందే ఖాతా నుంచి దానంతటదే వెళ్లిపోయేలా ఆటో డెబిట్ పెట్టుకోండి. అందులో ‘కనీస మొత్తం’ కాదు, ‘పూర్తి మొత్తం’ ఎంచుకోండి.

• వార్షిక రుసుము 500 అంటే జీఎస్టీతో 590. మీ ఖర్చుకి వచ్చే పాయింట్లు అంతకంటే బాగా ఎక్కువుంటేనే ఆ కార్డు దండగ కాదు.

• భార్యాభర్తలు చెరో బ్యాంకు కార్డు వాడితే పాయింట్లు చెరోచోట చెల్లాచెదురవుతాయి. ఒకే ఖాతామీద అదనపు కార్డు తీసుకుంటే అన్నీ ఒకచోట చేరతాయి. అయితే బాకీ మొత్తానికీ బాధ్యత అసలు కార్డుదారుదే.

• కేటలాగులో కనిపించే ఫ్లాస్కులూ బ్యాగులూ చూసి మోజుపడకండి. చాలాసార్లు పాయింటుకి అతి తక్కువ విలువ దక్కేది వాటిమీదే.

• ఏడాదికి పది లక్షలు దాటిన కార్డు బిల్లు చెల్లింపుల వివరాలు ఆదాయపన్ను శాఖకి వెళ్తాయి. స్నేహితుల కొనుగోళ్లన్నీ మీ కార్డుమీద చేయించి పాయింట్లు పోగేయాలనుకుంటే ఆ సంగతీ ఆలోచించుకోండి.

• గతంలో ఒక్కసారైనా బిల్లు బాకీ పెట్టిన అలవాటుంటే... ఈ ఆట మీకోసం కాదు. నెలకి 250 రూపాయలు రికరింగ్ డిపాజిట్‌లో వేసుకున్నా కాశీ వెళ్లొచ్చు. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. నిద్ర మాత్రం హాయిగా పడుతుంది.

ఒకప్పుడు కిరాణా కొట్లో ఖాతా పుస్తకం ఉండేది. నెల మొదట్లో జీతం రాగానే నాన్న వెళ్లి లెక్క చెల్లగొట్టేవాడు. శెట్టిగారు పిల్లల చేతిలో గుప్పెడు బెల్లమో పుట్నాలో పెట్టేవాడు. కార్డూ అంతే. పుస్తకం పోయి ప్లాస్టిక్ ముక్క వచ్చింది, బెల్లం పోయి పాయింట్లొచ్చాయి. ఒకటో తారీకున లెక్క చెల్లగొట్టినంతకాలం ఆ బెల్లం తియ్యగానే ఉంటుంది.

అలా పద్ధతిగా చెల్లగొట్టిన ఇంట్లో పదహారు నెలలయ్యాక ఏదో ఒక ఆదివారం కోడలు సెల్‌ఫోన్ తెచ్చి చూపిస్తుంది. ‘అత్తయ్యా, మీకూ మామయ్యకీ లోయర్ బెర్తులే దొరికాయి’ అంటుంది. ‘డబ్బులెక్కడివే?’ అంటుంది అత్తగారు కంగారుగా.

‘మీరు తాగిన కాఫీపొడివీ... మామయ్య వేసుకున్న బీపీ మాత్రలవీ!’